గో, వెంట్, గాన్: ఇంగ్లీషు క్రియల పట్టికలో చెదిరిపోయిన కుటుంబాలు

తెలుగు రాష్ట్రాల్లో బడి చదువు చదివిన వారికి ఇంగ్లీషు వ్యాకరణంలో మిగతావి గుర్తున్నా లేకపోయినా, మూడు గళ్ల పట్టిక ఒకటి మాత్రం తప్పక గుర్తుంటుంది. వీ1, వీ2, వీ3 అనే శీర్షికల కింద 'గో, వెంట్, గాన్', 'సీ, సా, సీన్', 'కట్, కట్, కట్' అంటూ ఎక్కాల మాదిరిగా వల్లె వేయించే ఆ పట్టిక వ్యాకరణ పుస్తకాల చివరి పేజీల్లోనూ, స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాల్లోనూ, పోటీ పరీక్షల గైడ్లలోనూ దాదాపు ఒకే రూపంలో కనిపిస్తుంది. అందులో క్రియలన్నీ ఇంగ్లీషు అక్షరమాల వరుసలో ఉంటాయి. అందువల్ల 'కీప్' ఒక పేజీలోనూ, దాని తోబుట్టువులైన 'స్లీప్', 'వీప్' మరో పేజీలోనూ పడతాయి. ఏ సంబంధమూ లేని 'బీ', 'బేర్' పక్కపక్కనే కూర్చుంటాయి. వెతుక్కోవడానికి ఆ వరుస పనికొస్తుంది గానీ, నేర్చుకోవడానికి మాత్రం అది అడ్డుగోడే.

ఇంగ్లీషు వ్యాకరణం ఈ క్రియలను ఇర్రెగ్యులర్ అంటుంది, అంటే ఒక క్రమానికి లోబడనివని. ఎలా లెక్కించినా ఇవి రెండు వందలకు అటూ ఇటూ ఉంటాయి. అయితే వీటిలో నిజంగా ఏ క్రమమూ లేనివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. తక్కినవన్నీ ఒక్కొక్క కాలంలో చక్కగా నడిచిన నియమాల ఆనవాళ్లు. నియమం కాలగర్భంలో కలిసిపోయినా దాని కింద ఏర్పడిన రూపాలు జనం నోట నిలిచిపోయాయి. ఆ నియమాలను వెలికి తీసి చూస్తే పట్టిక రెండు వందల విడి మాటల కుప్పగా కాక, ఏడెనిమిది కుటుంబాలుగా కనిపిస్తుంది.

ముందుగా రెగ్యులర్ పద్ధతి సంగతి చూడాలి. మూల రూపం చివర 'ఈడీ' చేర్చితే భూతకాలం వస్తుంది: ప్లే, ప్లేడ్, వాంట్, వాంటెడ్. 'వాక్' వంటి పదాల తర్వాత అదే ప్రత్యయం 'ట్'గా పలుకుతుంది. ఇది సహజమైన, అతి ప్రాచీనమైన పద్ధతి అని సాధారణంగా అనుకుంటారు, కానీ జరిగింది దీనికి తలకిందులు. ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్వీడిష్ భాషలకు మూలమైన జర్మానిక్ భాష తాను కొత్తగా కల్పించుకున్న ఏర్పాటు ఇది. 'చేయు' అనే అర్థమున్న ధాతువు భూతకాల రూపమే క్రియ చివర అతుక్కుని, అరిగి, ఈ 'డ్'గా మిగిలిందని చాలామంది భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. ఇంగ్లీషు 'డూ', సంస్కృత 'ధా' ధాతువు ఆ మూలం నుంచే వచ్చాయి. తెలుగువారికి ఈ ఊహ ఏమాత్రం వింత కాదు. పరాయి భాష నుంచి క్రియ తెచ్చుకున్నప్పుడు 'ఫోన్ చేశాడు', 'డౌన్‌లోడ్ చేసింది' అంటూ తెలుగు ఈనాటికీ చేస్తున్నది సరిగ్గా ఇదే. కొత్త క్రియ ఏది వచ్చినా ఇంగ్లీషు దాన్ని ఈ దారిలోనే పంపుతుంది. 'గూగుల్డ్', 'టెక్స్టెడ్' అనే రూపాలను ఎవరూ ఎవరికీ నేర్పనక్కర లేకపోయింది.

దీనికంటే పాతది అచ్చు మార్చే పద్ధతి. సింగ్, స్యాంగ్, సంగ్. డ్రింక్, డ్ర్యాంక్, డ్రంక్. బిగిన్, బిగ్యాన్, బిగన్. ఇక్కడ చివర ఏ ప్రత్యయమూ చేరలేదు, మాట నడుమ ఉన్న అచ్చు మాత్రమే ఇ, యా, అ అని మారింది. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడైన యాకోబ్ గ్రిమ్ గొప్ప వ్యాకరణవేత్త కూడా. 1819లో మొదటి సంపుటం వెలువడిన తన జర్మన్ వ్యాకరణ గ్రంథంలో ఆయన ఇటువంటి క్రియలకు 'బలమైనవి' అనీ, ప్రత్యయం ఆసరా కావలసిన వాటికి 'బలహీనమైనవి' అనీ పేరు పెట్టాడు. సుమారు వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో ఈ బలమైన క్రియలు ఏడు తరగతులు. రైడ్, రోడ్, రిడెన్. డ్రైవ్, డ్రోవ్, డ్రివెన్. రైట్, రోట్, రిటెన్ ఒక తరగతి. సింగ్, డ్రింక్, స్విమ్, బిగిన్ మరో తరగతి. బేర్, టేర్, స్టీల్ ఇంకొకటి. స్టాండ్, స్టుడ్, షేక్, షుక్ వేరొకటి. తరగతి తెలిస్తే అచ్చు ఎలా మారుతుందో ముందుగానే చెప్పగలిగే కాలం అది.

ఈ అచ్చుల మార్పు జర్మానిక్ భాషలకు వారసత్వంగా వచ్చింది. సంస్కృతానికీ అదే వారసత్వం ఉంది. ఆ కారణంగా, తత్సమ పదాలు నిత్యం వాడే తెలుగు పాఠకుడికి ఈ సంగతి ఇంగ్లీషు పాఠకుడి కంటే సులువుగా అందుతుంది. భగవద్గీత విన్న ప్రతివారికీ 'ఉవాచ' తెలుసు. వచ్, ఉవాచ, ఉక్త: ధాతువు, భూతకాలం, విశేషణ రూపం. గమ్, జగామ, గత. బంధ్, బబంధ, బద్ధ. ఇవి సంస్కృతపు వీ1, వీ2, వీ3లు అనుకోవచ్చు. ఇది కేవలం పోలిక కాదు, రక్త సంబంధం. ఇంగ్లీషు 'కమ్' సంస్కృత 'గమ్'కూ, 'బైండ్' 'బంధ్'కూ, 'బైట్' 'భిద్'కూ, 'బేర్' 'భృ'కూ సోదర పదాలు. సంస్కృత వైయాకరణులు లిట్ అని పిలిచిన భూతకాలం ఏ మూలం నుంచి వచ్చిందో, 'స్యాంగ్', 'డ్రోవ్' వంటి రూపాలూ ఆ మూలం నుంచే వచ్చాయి. భేదం, భిన్నం అనే మాటలు పలికే నోరు 'బైట్, బిట్, బిటెన్' అన్నప్పుడు అదే ధాతువును పలుకుతోంది.

మూడో గడిని గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దాన్ని ఇంకొక భూతకాలమని చెప్పడం వల్ల పిల్లల్లో గందరగోళం ఏర్పడుతుంది. పుట్టుకరీత్యా అది విశేషణం. తెలుగులో 'విరిగిన కుర్చీ', 'రాసిన ఉత్తరం' అన్నప్పుడు వచ్చే క్రియాజన్య విశేషణం వంటిది. 'బ్రోకెన్ చెయిర్', 'రిటెన్ లెటర్' అన్న వాడుకలో దాని అసలు స్వభావం తెలుస్తుంది. 'బ్రోకెన్', 'గివెన్', 'టేకెన్' చివరనున్న 'ఎన్' సంస్కృతంలో భిన్న, పూర్ణ వంటి మాటల చివరనున్న 'న'కు చుట్టం. రెగ్యులర్ క్రియల మూడో రూపంలో ఉన్న 'డ్' గత, శ్రుత, కృత చివరనున్న 'త'కు చుట్టం. విశేషణం కాబట్టే దానికి 'హ్యావ్' లేదా 'బీ' తోడు లేనిదే వాక్యం నిలవదు. 'ఐ సీన్ హిమ్' అనడం ఎందుకు పొసగదో, 'నేను చూసిన అతన్ని' అని ఆపేస్తే ఎందుకు వెలితిగా ఉంటుందో కలిపి చెబితే తెలుగు పిల్లవాడికి వెంటనే అర్థమవుతుంది.

పాత ఇంగ్లీషులో ఈ గళ్లు మూడు కాదు, నాలుగు. భూతకాలంలో ఏకవచనానికి ఒక అచ్చు, బహువచనానికి మరో అచ్చు ఉండేవి. 'నేను పాడాను' అనడానికి 'సాంగ్' అనీ, 'మేము పాడాము' అనడానికి 'సుంగన్' అనీ అనేవారు. తర్వాతి శతాబ్దాల్లో ఈ తేడా చెరిగిపోయి, ఒక్కొక్క క్రియ ఒక్కొక్క విధంగా స్థిరపడింది. 'సింగ్' భూతకాలానికి ఏకవచనపు అచ్చును ఉంచుకుంది. 'ఫైండ్', 'బైండ్' బహువచనపు అచ్చును పట్టుకుని 'ఫౌండ్', 'బౌండ్' అయ్యాయి. 'ష్రింక్' వంటివి 'ష్ర్యాంక్', 'ష్రంక్' నడుమ ఇప్పటికీ ఊగుతున్నాయి. ఆ ఏకవచన బహువచన భేదం నేటికీ చెక్కుచెదరకుండా నిలిచిన క్రియ ఇంగ్లీషు మొత్తానికి ఒక్కటే ఉంది: 'వాజ్', 'వర్'.

ఇక అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టే కుటుంబం, తెలుగు లిపిలో రాసుకుంటే అన్నిటికంటే తేలిగ్గా విడిపోయే కుటుంబం, 'కీప్' వారిది. కీప్, కెప్ట్. స్లీప్, స్లెప్ట్. వీప్, వెప్ట్. ఫీల్, ఫెల్ట్. మీన్, మెంట్. డీల్, డెల్ట్. లీవ్, లెఫ్ట్. మీట్, మెట్. ఫీడ్, ఫెడ్. లీడ్, లెడ్. రీడ్, రెడ్. ఇంగ్లీషు లిపిలో ఈ వరుస కనబడదు. అక్కడ దీర్ఘాన్ని ఒకచోట ఒకే అక్షరం రెండుసార్లు రాసి, మరోచోట రెండు వేర్వేరు అక్షరాలు జతచేసి సూచిస్తారు. 'రీడ్', 'రెడ్' రెంటికీ ఒకే రాత. తెలుగులో రాయగానే ప్రతి జంటలోనూ దీర్ఘమైన 'ఈ' పోయి హ్రస్వమైన 'ఎ' వచ్చిందని కంటికే తెలుస్తుంది.

దీని వెనుక ఉన్న నియమం చాలా సరళం. ఇవి పుట్టుకతో బలమైన క్రియలు కావు, లేదా త్వరలోనే ఆ గుంపును వదిలేసినవి. ఇవీ 'డ్' లేదా 'ట్' చేర్చుకున్నవే. పాత ఇంగ్లీషు చివరి దశలోనూ, ఆ తర్వాతా రెండు హల్లులు జతపడిన చోట వాటి ముందున్న దీర్ఘం హ్రస్వమయింది. 'కేప్' అని పలికే మాటకు 'ట్' చేరగానే 'ప్ట్' అనే జంట ఏర్పడింది, 'కే' కుంచించుకుని 'కె' అయింది. అంటే పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ కాలంలో ఈ జంట 'కేప్, కెప్ట్' అని వినిపించేది. తెలుగు కన్ను ఏ, ఎ అనే ఈ జంటలో ఏ వింతా చూడదు. ఒకే అచ్చు, దీర్ఘం ఒకచోట, హ్రస్వం ఒకచోట. ఆ తర్వాత, స్థూలంగా 1400కూ 1700కూ నడుమ, ఇంగ్లీషులో దీర్ఘాచ్చులన్నీ తమ స్థానం మార్చుకున్నాయి. 'ఏ' పైకి జరిగి 'ఈ' అయింది, 'ఈ' అంతకంటే పైకి పోలేక 'ఐ' అయింది. హ్రస్వాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఫలితంగా 'కేప్' 'కీప్'గా మారగా 'కెప్ట్' అలాగే నిలిచింది. 'హీడ్, హిడ్' అని ఉండిన జంట 'హైడ్, హిడ్' అయింది. ఒక్క మార్పు కూడా క్రియను ఉద్దేశించి జరగలేదు. భాష మొత్తానికి వర్తించిన రెండు ఉచ్చారణ మార్పులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, ఇంటివారినే పొరుగువారిగా చూపించాయి. బడిలో పదినిమిషాలు వెచ్చించి ఈ పదకొండు జంటలనూ ఒకే పలక మీద తెలుగు అక్షరాల్లో రాయిస్తే, సంవత్సరాల తరబడి వేయించే వల్లెలో సగం తీరిపోతుంది. బోధనలో ఈ అవకాశం ఇన్నాళ్లుగా వృథా కావడం విచారించవలసిన విషయం.

కట్, పుట్, హిట్, సెట్, షట్ వంటి మార్పులేని క్రియల కథ చిన్నది. ఇవన్నీ 'ట్' లేదా 'డ్'తో ముగుస్తాయి. చేరవలసిన ప్రత్యయం ఆ చివరి హల్లులోనే కలిసిపోయింది. సెండ్, సెంట్, లెండ్, లెంట్, బిల్డ్, బిల్ట్ కూడా ఆ కలయికకే మరో ముఖం.

థింక్, థాట్, బ్రింగ్, బ్రాట్, బై, బాట్, టీచ్, టాట్, సీక్, సాట్ అనేవి మరో కుటుంబం. వీటి స్పెల్లింగులో ఉండి పలకని రెండక్షరాలు ఒకప్పుడు గొంతులోంచి వచ్చే 'ఖ్' వంటి ధ్వనిని సూచించేవి; జర్మన్‌లో ఆ ధ్వని ఇప్పటికీ ఉంది. 'థింక్'లోని అనునాసికం ఆ ధ్వని ముందు లోపించి, పోయినదానికి బదులుగా అచ్చు దీర్ఘమయింది. ఈ కుటుంబంలోనే 'వర్క్' కూడా ఒకప్పుడు ఉండేది. దాని భూతకాలం 'రాట్'. క్రియగా అది 'వర్క్డ్' అయిపోయినా, సుత్తితో కొట్టి సాగదీసిన ఇనుమును 'రాట్ ఐరన్' అనడంలో పాత రూపం బతికే ఉంది. ఇక 'క్యాచ్' నార్మన్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. పట్టుకొనుట అనే అర్థమే ఉన్న ఒక దేశీ క్రియను అనుకరించి అది 'కాట్' అయింది. కొత్తగా వచ్చినది ఇలా పాత కుటుంబంలో చేరిపోవడం అరుదు.

అచ్చు మార్పుతోనూ, హల్లు మార్పుతోనూ వివరించలేనివి రెండే ముఖ్యమైన క్రియలు మిగులుతాయి. మొదటిది 'గో'. దాని భూతకాలం పాత ఇంగ్లీషులో 'ఏయొదె' అనే వేరొక మాట. అది మరుగున పడ్డాక, 'మరలు, సాగు' అనే అర్థమున్న 'వెండ్' క్రియ భూతకాలమైన 'వెంట్' ఆ ఖాళీలోకి వచ్చింది. సెండ్, సెంట్ ఎలాగో వెండ్, వెంట్ కూడా అలాగే. అంటే 'వెంట్' తన సొంత ఇంట్లో సక్రమమైన బిడ్డే, 'గో' ఇంటికి దత్తు వచ్చింది. రెండోది 'బీ'. అందులో కనీసం మూడు ధాతువులు కలిసి కాపురం చేస్తున్నాయి, ఆ మూడూ తెలుగు పాఠకుడికి సంస్కృతం ద్వారా పరిచితమైనవే. 'యామ్', 'ఈజ్' అనేవి అస్మి, అస్తి అనే రూపాలకు సోదరులు. అస్తిత్వం అన్న మాటలో ఉన్నది ఆ ధాతువే. 'బీ', 'బీన్' భూ ధాతువుకు చెందినవి. భవనం, భవిష్యత్తు అన్న మాటల్లో ఉన్నది అది. 'వాజ్', 'వర్' వస్ ధాతువుకు చెందినవి. నివాసం, వసతి అన్న మాటల్లో ఉన్నది అది. ఉండడం, అవడం, నివసించడం అనే మూడు భావాలు ఒకే క్రియగా ముడిపడ్డాయి.

తెలుగులోనూ ఇటువంటివి ఉన్నాయి, వాటిని గమనిస్తే ఇంగ్లీషు మీద ఉన్న కినుక చాలావరకు పోతుంది. వచ్చాడు, వస్తాడు, రాడు, రావడం, రా: ఇందులో 'వచ్చు'కూ 'రా'కూ పోలికే లేదు. అయితే తమిళంలో 'వరు', కన్నడంలో 'బరు' అని ఉన్నదే తెలుగులో వర్ణాలు తారుమారై 'రా' అయింది. ఇది 'థింక్, థాట్' తరహా మార్పు. అవుతాడు, అయ్యాడు, కాడు, కావడం అనేది మరొకటి. 'ఉన్నాడు'కు వ్యతిరేకం 'లేడు' కావడం మాత్రం 'గో, వెంట్' తరహా. అక్కడ వేరే ధాతువే వచ్చి చేరింది. వస్తుంది అన్నట్టు 'నస్తుంది' అనము, నచ్చుతుంది అంటాము. తెస్తాడు అన్నట్టు 'గుస్తాడు' అనము, గుచ్చుతాడు అంటాము. డ్రింక్, డ్ర్యాంక్ అయినా లింక్ మాత్రం లింక్డ్ అయినట్టే ఇది. పరాయివాడు తెలుగు నేర్చుకుంటూ 'నచ్చు' ఎందుకు 'వచ్చు' దారిలో నడవదని అడిగితే తడుముకోవలసిందే.

వచ్చు, తెచ్చు, ఇచ్చు, అవు, ఉండు: తెలుగులో క్రమం తప్పినవన్నీ పొద్దున లేచింది మొదలు నోట మెదిలే క్రియలే. ఇంగ్లీషులోనూ అంతే. బీ, హ్యావ్, డూ, సే, గో, మేక్, టేక్, కమ్, సీ, గెట్ వంటి అత్యధిక వాడుక ఉన్న క్రియలన్నీ ఇర్రెగ్యులరే. దీనికి కారణం జ్ఞాపకం. వారానికి వెయ్యిసార్లు వినే రూపం మనసులో చెరిగిపోదు. ఏడాదికి ఒకసారి వినిపించే రూపం గుర్తు రానప్పుడు, మాట్లాడేవాడు చేతిలో ఉన్న సాధారణ నియమాన్ని వాడేస్తాడు. హార్వర్డ్ పరిశోధకులు ఎరెజ్ లీబర్‌మన్, జాన్ బాప్టిస్ట్ మిషెల్ తదితరులు 2007లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని అంకెల్లో చూపింది. పాత ఇంగ్లీషులో క్రమం తప్పిన 177 క్రియలను వారు ఎంచుకుని వాటి చరిత్రను అనుసరించారు. మధ్యయుగపు ఇంగ్లీషు నాటికి వాటిలో 145 అలాగే ఉన్నాయి, నేటికి 98 మిగిలాయి. వాడుక వంద రెట్లు తక్కువైన క్రియ పది రెట్లు వేగంగా రెగ్యులర్ అవుతుందని వారు తేల్చారు. తర్వాత మారబోయేది పెళ్లాడు అనే అర్థమున్న 'వెడ్' కావచ్చని ఊహించారు.

అలా మారిపోయిన వాటిలో 'హెల్ప్' ఒకటి. దాని పాత మూడో రూపం 'హోల్పెన్' 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఉంది. లాఫ్, వాక్, క్లైమ్ కూడా ఒకప్పుడు బలమైన క్రియలే. క్రియగా ఓడిపోయిన రూపం విశేషణంగా నిలబడడం తరచూ జరిగింది: ఇనుము 'మెల్టెడ్' అయినా కరిగి ఎర్రగా ప్రవహించేది మాత్రం 'మోల్టెన్', ఓడ 'సంక్' అయినా నీటి అడుగున ఉన్న నిధి 'సంకెన్'.

ఈ ప్రవాహం ఒకే దిక్కుకు సాగుతుందనుకుంటే పొరపాటు. అదే 1611 బైబిలులో 'డిగ్' భూతకాలం 'డిగ్డ్', నేడది 'డగ్'. 'వేర్' పూర్వం రెగ్యులర్ క్రియ; బేర్, టేర్ పక్కన ఉండి ఉండి 'వోర్' అయింది. 'రింగ్' కూడా 'సింగ్'ను చూసి 'ర్యాంగ్' అయింది. 'స్నీక్' అనే క్రియకు 'స్నక్' అనే భూతకాలం పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో పుట్టి, ఇప్పుడక్కడ మామూలు మాటైపోయింది. మరోవైపు బ్రిటన్ వదిలేసిన 'గాటెన్' అనే 'గెట్' మూడో రూపాన్ని అమెరికా నిలుపుకుంది. బ్రిటన్ 'లర్న్‌ట్', 'బర్న్‌ట్' అనేచోట అమెరికా 'లర్న్డ్', 'బర్న్డ్' అంటుంది. తెలుగు రాష్ట్రాల్లో నేర్పే వ్యాకరణం ప్రధానంగా బ్రిటిష్ సంప్రదాయానిది కనుక, అమెరికాలో స్థిరపడిన ఇళ్లలో పిల్లలు పలికే 'గాటెన్', 'స్నక్' పెద్దల చెవికి తప్పుగా వినిపించవచ్చు. అవి తప్పులు కావు, ఆ దేశపు ఒప్పులు.

ఇంగ్లీషు మాతృభాషగా పెరిగే పిల్లలు ఈ క్రియలను నేర్చుకునే తీరు ఎంతో ఆసక్తికరమైనది. మొదట పసివాడు విన్నది విన్నట్టు 'వెంట్' అంటాడు. కొన్ని నెలల తర్వాత, వెనక్కి పోయినట్టుగా, 'గోడ్' అనడం మొదలుపెడతాడు. నిజానికది ముందడుగు, 'ఈడీ' నియమాన్ని వాడు తనంతట తాను కనిపెట్టాడన్న మాట. కొంతకాలానికి మళ్లీ 'వెంట్' స్థిరపడుతుంది. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు లేని మాటలు కల్పించి పిల్లలను పరీక్షించింది. 'గ్లింగ్' అనే కల్పిత క్రియకు భూతకాలం అడిగితే పిల్లల్లో ఎక్కువమంది 'గ్లింగ్డ్' అన్నారు. పెద్దల్లో చాలామంది 'సింగ్' వరుసను తలచుకుని 'గ్ల్యాంగ్' లేదా 'గ్లంగ్' అన్నారు. ఈ చిన్న విషయం చుట్టూ పెద్ద వాదమే నడిచింది. మనసులో నియమం అంటూ వేరే లేదనీ, ధ్వనుల పోలికల అల్లికే రెండు రకాల క్రియలనూ నేర్చుకోగలదనీ 1986లో డేవిడ్ రూమెల్‌హార్ట్, జేమ్స్ మెక్‌క్లెలాండ్ ఒక కంప్యూటర్ నమూనాతో వాదించారు. 1988లో స్టీవెన్ పింకర్, అలన్ ప్రిన్స్ దాన్ని ఖండిస్తూ, నియమం వేరు, కంఠస్థ జ్ఞాపకం వేరు, రెండూ మనసులో ఉన్నాయని సమాధానమిచ్చారు. నేటి భాషా నమూనాల వెనుక ఉన్న నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) పద్ధతికి తొలినాటి పరీక్షల్లో ఒకటి ఇంగ్లీషు భూతకాలం మీద జరగడం గుర్తుంచుకోదగినది.

ధ్వని ఒకటే అయినా పుట్టుక వేరైతే రూపం వేరవుతుందనడానికి ఆధారాలు చాలా ఉన్నాయి. గంట మోగితే 'ర్యాంగ్', కానీ ఊరిని చుట్టుముడితే 'రింగ్డ్', ఎందుకంటే ఇది 'వలయం' అనే నామవాచకం నుంచి పుట్టిన క్రియ. 'బికమ్', 'ఓవర్‌కమ్' రెండూ 'కమ్' దారిలో 'బికేమ్', 'ఓవర్‌కేమ్' అవుతాయి. 'వెల్‌కమ్' మాత్రం 'అతిథి' అనే అర్థమున్న నామవాచకం నుంచి వచ్చింది కనుక 'వెల్‌కమ్డ్' అవుతుంది. బట్ట తగిలిస్తే 'హంగ్', మనిషికి ఉరిశిక్ష వేస్తే 'హ్యాంగ్డ్'. 2024 వరకు అమల్లో ఉన్న భారత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 354వ సెక్షన్ కూడా మరణశిక్ష విషయంలో 'హ్యాంగ్డ్' అనే రాసింది. 'ఫైండ్' భూతకాలం 'ఫౌండ్', సంస్థను స్థాపించే 'ఫౌండ్' భూతకాలం 'ఫౌండెడ్'. 'ఫాల్' భూతకాలం 'ఫెల్', చెట్టును పడగొట్టే 'ఫెల్' భూతకాలం 'ఫెల్డ్'. ఈ జంటలన్నిటిలో కష్టమైనది 'లై, లే, లెయిన్', 'లే, లెయిడ్, లెయిడ్' అనేది. పడుకొను, పరచు అనే రెండు క్రియలు ఒకదాని భూతకాలంలో మరొకటి తలదూర్చి ఉన్నాయి, ఇంగ్లీషు మాతృభాషగా గలవారే నిత్యం తడబడతారు.

తెలుగువారి ఇంగ్లీషులో తరచూ వినిపించే పొరపాటు మాత్రం పట్టికకు సంబంధించినది కాదు. 'డిడ్ హి వెంట్', 'ఐ డిడ్ నాట్ సా' అనే వాక్యాల్లో వెంట్, సా సరిగానే గుర్తున్నాయి, చేరకూడని చోట చేరాయి. ఈ తప్పుకు తెలుగు ప్రభావమే కారణమని చెప్పి వదిలేయడం సగం నిజమే. ప్రశ్న విషయంలో అది కొంత నిజం: 'వెళ్లాడు' చివర దీర్ఘం చేరితే 'వెళ్లాడా' అవుతుంది, భూతకాలం క్రియలోనే నిలుస్తుంది, దాన్ని అనుసరించి 'వెంట్' కూడా నిలిచిపోతుంది. వ్యతిరేకార్థంలో మాత్రం తెలుగు సరిగ్గా ఇంగ్లీషులాగే నడుస్తుంది. 'వెళ్లాడు'కు వ్యతిరేకం 'వెళ్లాడులేదు' కాదు, 'వెళ్లలేదు'. అందులో 'వెళ్ల' అనేది కాలం లేని ఉత్త రూపం, జరగలేదన్న సంగతంతా 'లేదు' చెబుతుంది. 'డిడ్ నాట్ గో'లో 'గో' ఉన్నది ఆ 'వెళ్ల' స్థానంలోనే. ఈ పోలికను పట్టుకుని నేర్పితే 'డిడ్ నాట్ వెంట్' అన్నది 'వెళ్లాడులేదు' అన్నంత ఎబ్బెట్టుగా పిల్లల చెవికి తగులుతుంది.

ఆ 'డిడ్' కూడా ఇర్రెగ్యులర్ రూపమే, పట్టికలో అత్యంత ప్రాచీనమైన వాటిలో ఒకటి. మొదటి హల్లును మళ్లీ పలికి భూతకాలం చేసే పాత పద్ధతి సంస్కృతంలో జగామ, బబంధ వంటి రూపాల్లో కనబడుతుంది. ఇంగ్లీషులో అది స్పష్టంగా మిగిలింది ఈ 'డ్... డ్'లోనే. రెగ్యులర్ క్రియల చివర 'ఈడీ'గా అతుక్కున్నదీ ఆ ధాతువేనన్న అభిప్రాయం సరైనదైతే, 'లవ్డ్' అన్నా 'డిడ్ లవ్' అన్నా ఇంగ్లీషువాడు రెండుచోట్లా 'చేశాడు' అనే ఒకే మాటను, ఒకసారి క్రియకు వెనుక, ఒకసారి ముందు, పలుకుతున్నాడు.